చేతులతో నేర్చుకుంటే మార్కులు తగ్గుతాయా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే భయం కనిపించింది. పిల్లలు తామే చేసి నేర్చుకునే బడి మంచిదని అందరి మనసులోనూ ఉంది, కానీ ర్యాంకు మాటెత్తేసరికి ధైర్యం చాలడం లేదు. నేను 30 ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పాను, టీచర్లు లేని ఏళ్లలో బయాలజీ, లెక్కలు కూడా చెప్పాను. నాకు తెలిసింది, నేను చూసింది దాచకుండా రాస్తున్నాను.

మేడం గారూ, మా బాబు ఏడో తరగతి. నిరుటి దాకా ఒక కార్పొరేట్ స్కూల్లో చదివాడు. పొద్దున ఏడున్నరకు వెళ్తే సాయంత్రం ఆరింటికి వచ్చేవాడు, రోజూ కడుపునొప్పి అనేవాడు. ఈ ఏడాది, పిల్లలే ప్రాజెక్టులు ఎంచుకుని చేసే ఒక చిన్న బడిలో వేశాం. ఇప్పుడు నవ్వుతూ వెళ్తున్నాడు. కానీ "ఇవాళ ఏం చెప్పార్రా?" అంటే "ఏం చెప్పలేదమ్మా, మేమే చేశాం" అంటాడు. మా బావగారి అబ్బాయిదీ అదే తరగతి, ఐఐటీ ఫౌండేషన్. సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి లెక్కలడిగారు. మావాడు తేలిపోయాడు. తప్పు చేశామా? – ఒక అమ్మ, ఖమ్మం

ముందు ఆ కడుపునొప్పి పోయింది చూడండి, దాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. పొద్దున బస్సు హారన్ వినగానే కడుపు పట్టుకునే పిల్లలు నా తరగతిలోనూ ఉండేవాళ్లు. వాళ్లకి ఎంత బాగా చెప్పినా తలకెక్కదు.

ఇక "ఏం చెప్పలేదు, మేమే చేశాం" అన్న మాట. అది విని మీరు గాభరా పడ్డారు, నాకైతే సంతోషమే వేసింది. 2019లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఫిజిక్స్ క్లాసుల్లో ఒక పరిశోధన చేశారు. కొందరికి మంచి లెక్చర్ ఇచ్చారు, ఇంకొందరితో అదే పాఠాన్ని వాళ్లే గుంపులుగా కూర్చుని సాధించేలా చేయించారు. తర్వాత పరీక్ష పెడితే సొంతంగా చేసినవాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి. కానీ "మీరు ఎంత నేర్చుకున్నారనిపిస్తోంది?" అని అడిగితే మాత్రం లెక్చర్ విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామన్నారు. చక్కగా చెప్తుంటే వినడం హాయిగా ఉంటుంది, అంతా అర్థమైనట్టే అనిపిస్తుంది. తనే చేస్తుంటే తడబాటు ఉంటుంది, ఆ తడబాటే నేర్చుకోవడమని పెద్దవాళ్లకే తోచదు, మీవాడికేం తోస్తుంది? 2014లో ఇలాంటి 225 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా, వింటూ కూర్చునే క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువని తేలింది. ఇవన్నీ కాలేజీ పిల్లల మీద చేసినవి, ఏడో తరగతికి యథాతథంగా అతికించకూడదు. కానీ నేను చూసిన పిల్లల తీరు కూడా అలాగే ఉంది.

ఒకటి చెప్తాను. మా బడి వరండాలో ఒక కుళాయి కారుతుండేది. ఏడో తరగతి పిల్లలకి అనుపాతం చెప్పబోతుంటే ఒక అమ్మాయి "మేడం, ఈ కుళాయిలోంచి రోజుకి ఎన్ని నీళ్లు పోతాయి?" అంది. పాఠం ఆపేశాను. మొదట చుక్కలు లెక్కపెట్టారు, వందకి చేరేసరికి లెక్క తప్పారు. తర్వాత ఎవరో లీటరు బాటిల్ పెట్టారు, 20 నిమిషాల్లో నిండింది. గంటకి 3 లీటర్లు, రోజుకి 72 లీటర్లు అని బోర్డు మీద రాసి చప్పట్లు కొట్టేసుకున్నారు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి "రాత్రి ఎనిమిదికి ట్యాంకు ఖాళీ అయిపోద్ది కదా, మళ్లీ పొద్దున ఏడుకి గానీ ఎక్కించరు, 72 ఎలా అవుద్ది?" అన్నాడు. ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు, వాళ్ల నాన్నే మా బడి వాచ్‌మన్. అప్పుడు కూర్చుని 13 గంటలకి లెక్కేసి 39 లీటర్లన్నారు. మర్నాడు ఇంకొకరు, ట్యాంకులో నీళ్లు తగ్గేకొద్దీ ధార కూడా తగ్గుతుందని, 39 కూడా తప్పేనని వాదన పెట్టారు. ఆ ఏడాది అనుపాతం పాఠం నేను మళ్లీ చెప్పాల్సిన పనే పడలేదు. పిల్లలే హెచ్‌ఎం గారికి లెటర్ రాసి వాషర్ మార్పించారు.

అయితే మీ భయంలో నిజం లేదని నేననను. చేసి నేర్చుకునే బడుల్లో కొన్ని సగం పనే చేస్తాయి. చేయిస్తారు, ఫొటోలు తీస్తారు, అక్కడితో వదిలేస్తారు. చేసినదాన్ని పిల్లాడు తన మాటల్లో రాయాలి, దాంట్లోంచి సూత్రం తీయాలి, ఆ సూత్రంతో పది లెక్కలు చేయాలి. ఈ రెండో సగం లేకపోతే అది ఆటే, చదువు కాదు. అందుకే ఈ ఆదివారం మీవాడి ప్రాజెక్టు నోట్సు తీసి చూడండి. "ఏం చూశాను, ఎందుకలా అయిందనుకున్నాను, నేననుకున్నది తప్పెలా అయింది" అన్నవి వాడి చేతిరాతలో ఉంటే నిశ్చింతగా ఉండండి. లేకపోతే బడికి వెళ్లి మర్యాదగానే గట్టిగా అడగండి. ఇంట్లో రోజూ 20 నిమిషాలు లెక్కలు చేయించండి, ఎక్కాలు, భిన్నాలు, దశాంశాలు. చేతికి అలవాటు కావాల్సినవి చేస్తేనే అలవాటవుతాయి, అందులో వాదనేం లేదు. పండగనాడు బంధువుల ముందు మీవాడు తేలిపోయింది వేగంలోనే. అర్థం చేసుకోవడంలో వెనకబడ్డాడో లేదో ఆ పోటీతో తెలియదు.

ఒక్క కోరిక. ఇంకోసారి ఎవరి ముందూ ఆ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టనివ్వకండి.

మా పాపకి నెలకి రెండు ప్రాజెక్టులిస్తున్నారు. థర్మాకోల్, చార్టులు, స్ప్రే రంగులు, ఒక్కోదానికి 500 దాటుతోంది. రాత్రి పదకొండు దాకా నేనూ మా ఆవిడా కూర్చుని అగ్నిపర్వతాలు, సౌరకుటుంబాలు కడుతున్నాం. పాప పక్కన నిద్రపోతుంటుంది. ఇదేనా చేసి నేర్చుకోవడమంటే? – ఒక తండ్రి, నిజామాబాద్

కాదండీ. అది మీకిచ్చిన హోంవర్కు. మీ ఊళ్లోనే కాదు, బడి పక్కన స్టేషనరీ షాపులో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే ప్రతి ఊళ్లోనూ ఇదే జరుగుతోంది. తెలంగాణ స్టేట్ సిలబస్‌లో ఫార్మేటివ్ పరీక్షకి 20 మార్కులుంటే అందులో ప్రాజెక్టు పని ఒక భాగం, పిల్లల భాగస్వామ్యం, రాతపని, స్లిప్ టెస్ట్ మిగతావి. ఆలోచన మంచిదే. కానీ మెరిసే థర్మాకోల్‌కి ఎక్కువ మార్కులు, చేతిరాతతో రాసిన నాలుగు పేజీలకి తక్కువ మార్కులు వేసుకుంటూ పోవడంతో దాని ప్రాణం పోయింది. ఇందులో మా టీచర్ల తప్పు ఎంతో ఉంది.

ఈసారి ప్రాజెక్టు ఇచ్చినప్పుడు ఏమీ కొనకండి. ఒక దారం, ఒక చిన్న తాళంకప్ప ఇవ్వండి. మేకుకి కట్టి, దారం 25 సెంటీమీటర్లు ఉండేలా చూసి, తాళాన్ని కొంచెం పక్కకి లాగి వదలమనండి. పది ఊపులకి (వెళ్లి మళ్లీ మొదటి చోటికి వస్తేనే ఒక ఊపు) ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో చూసుకోమనండి, దాదాపు 10 సెకన్లు వస్తుంది. ఇప్పుడు దారం 50 చేస్తే ఎంత వస్తుందో ముందే ఊహించి రాయమనండి. 20 అని రాస్తుంది. రాదు, 14 దగ్గర ఆగుతుంది. 20 రావాలంటే దారం మీటరు కావాలి. ఎందుకని తనే అడుగుతుంది చూడండి, అప్పుడు కూడా వెంటనే చెప్పేయకండి. తాళం బరువు మారిస్తే ఏమవుతుందో అదే చూసుకుంటుంది. కొలిచిన అంకెలన్నీ ఒక పట్టికలో రాసి తీసుకెళ్తే అదే ప్రాజెక్టు. టీచర్ గారు మార్కులు తగ్గిస్తే తగ్గించనివ్వండి, మీరు వెళ్లి ఆ పట్టిక చూపించి మాట్లాడండి. మాలో చాలామందికి ఎవరైనా ఇలా వచ్చి మాట్లాడితే బాగుండనే ఉంటుంది.

అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో జ్యామితి ఆకారాలు కట్టించే అరవింద్ గుప్తా గారి బొమ్మల వీడియోలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఖర్చు ఐదో పదో. అవి కూడా చూపించండి.

మన్యంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెప్తున్నాను మేడం. తొమ్మిదో తరగతిలో 46 మంది, పీరియడ్ 45 నిమిషాలు. ల్యాబ్ గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలున్నాయి. ట్రైనింగుల్లో మాత్రం "పిల్లలతో చేయించండి" అంటారు. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? – ఒక టీచర్, పార్వతీపురం

మీ కోపం నాకు అర్థమైంది తమ్ముడూ, అదే కోపంతో నేనూ సగం సర్వీసు చేశాను. రోజూ చేయించడం కుదరదు, కుదురుతుందని చెప్పేవాళ్లు 46 మందికి ఎప్పుడూ చెప్పి ఉండరు. పదిహేను రోజులకొకటి పెట్టుకోండి, కానీ అది నిజంగా పిల్లలే చేసేదిగా ఉండాలి. మీరు టేబుల్ మీద చేస్తుంటే ముందు బెంచీ ఎనిమిది మంది చూసేది కాదు.

ఇది మన దేశంలో ఎప్పుడో చేసి చూపించిన పనే. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లె బడుల్లో సైన్స్ మొత్తం ప్రయోగాల ద్వారానే నేర్పడం మొదలుపెట్టారు. తర్వాత ఏకలవ్య సంస్థ దాన్ని చాలా జిల్లాలకు తీసుకెళ్లింది. నన్ను ఆకట్టుకుంది వాళ్ల పరీక్ష. పుస్తకం, పిల్లల సొంత నోట్సు దగ్గర పెట్టుకుని రాయొచ్చు, దాంతోపాటు చేతులతో చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది. బట్టీ పట్టి లాభం లేదని పిల్లలకి పరీక్షే చెప్పేది. 2002లో ప్రభుత్వం ఆపేసింది, 30 ఏళ్ల పని. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

దగ్గర్లో చూడాలంటే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఉంది. అందరికీ అక్కడి పెద్ద బడే తెలుసు, నాకు మాత్రం చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లు నడిపిన చిన్న బడులంటేనే ఎక్కువ గౌరవం. ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో. పాఠాలని చిన్న చిన్న కార్డులుగా చేసి నిచ్చెనలా అమర్చారు. పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో తామే చూసుకుని తర్వాతి కార్డు తీసుకుంటారు. జ్వరమొచ్చి వారం రాకపోయినా ఎక్కడ ఆగారో అక్కడే మొదలుపెడతారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతినే తీసుకున్నాయి, తర్వాత తమిళనాడు అంతటా ప్రాథమిక బడుల్లోకి వెళ్లింది. మన ఇంట్లో పుట్టింది పక్కింటివాళ్లు పెద్ద చేసుకున్నారు. కుప్పం దగ్గర 172 ఎకరాల్లో అగస్త్య ఫౌండేషన్ వాళ్ల ప్రాంగణం ఉంది, వాళ్ల సైన్స్ వ్యాన్లు పల్లె బడులకి వెళ్తాయి. వీలైతే ఒక సెలవులో చూసి రండి.

ఇక మీ బియ్యం బస్తాల మధ్య ఏం చేయొచ్చో నేను చేసింది చెప్తాను. కిరణజన్య సంయోగక్రియ పాఠం. రెండు మందార కుండీల్ని రెండు రోజులు చీకటి గదిలో పెట్టించాను. మూడో రోజు ఆకులకి నల్లకాగితం పట్టీలు బిగించి ఎండలో పెట్టారు. మధ్యాహ్నం ఆకులు తెంపి నీళ్లలో ఉడికించి, తర్వాత స్పిరిట్‌లో వేసి, ఆ స్పిరిట్ గిన్నెని వేడినీళ్ల గిన్నెలో దించి మరిగించాం (నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది, ఈ ఒక్క పని పిల్లలకి వదలకండి, మీరే చేయండి). ఆకుపచ్చ దిగిపోయి ఆకులు తమలపాకు పండినట్టు పాలిపోయాయి. కడిగి అయోడిన్ చుక్కలు వేశారు. అన్ని గుంపుల ఆకులూ పట్టీ ఉన్న చోట తప్ప నీలి నలుపుకి తిరిగాయి. ఒక గుంపుది మాత్రం సగం పైగా గోధుమరంగే. "మేడం, మాది ఫెయిల్" అని ఆ పిల్ల ఏడుపు మొహంతో వచ్చింది, ఆకు పారేయబోతోంది. ఆగు, ఎందుకైందో నువ్వే చెప్పమన్నాను. పీరియడ్ అయిపోయింది, ఇంటర్వెల్ కూడా అయిపోయింది. చివరికి వచ్చి "మా కుండీ మీద పన్నెండింటి దాకా వరండా నీడ పడింది" అంది. మర్నాడు తనే ఎండలో ఉన్న ఆకు ఒకటి, నీడలో ఉన్న ఆకు ఒకటి తెచ్చి పక్కపక్కన పెట్టి చూసింది. నేను చెప్పలేదు. ఆరోజు ఆ పిల్ల చేసింది పాఠంలో లేదు, కానీ సైన్స్ అంటే అదే.

అలాగని పిల్లల్ని ఊరికే వదిలేయమని కాదు. అయోడిన్ ఎందుకు వేస్తున్నామో, నీలి నలుపు దేనికి గుర్తో ముందు మీరే చెప్పాలి. ఏమీ చెప్పకుండా "మీరే కనుక్కోండి" అంటే బాగా చదివే నలుగురూ ఏదో చేస్తారు, మిగతా 42 మంది దిక్కులు చూస్తారు. దారి చూపించి, అడుగులు వాళ్లని వేయనివ్వడమే మన పని. నలుగురేసి గుంపులు చేయండి, రాసేవాళ్లు, చేసేవాళ్లు ప్రతిసారీ మారాలి, లేకపోతే ఆడపిల్లలు ఎప్పుడూ రాస్తూనే ఉంటారు. సిలబస్ సంగతంటారా, నోట్సు డిక్టేట్ చేసే పీరియడ్లు ఎన్నున్నాయో ఒక నెల లెక్కపెట్టండి. నాకు అక్కడే టైం దొరికింది.

బియ్యం బస్తాల గురించి హెచ్‌ఎంకి, పేరెంట్స్ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా అడిగితే ఏళ్లు గడుస్తాయి.

నేను టెన్త్ చదువుతున్నాను మేడం. నాకు ప్రయోగాలంటే చాలా ఇష్టం. కానీ దసరా నుంచి ల్యాబ్ బంద్, రోజూ స్లిప్ టెస్టులే. కొశ్చన్ బ్యాంక్ బట్టీ పట్టమంటున్నారు. చదివింది వారానికి మర్చిపోతున్నా. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని, నరసరావుపేట

తల్లీ, మర్చిపోవడం నీ లోపం కాదు, నువ్వు చదివే పద్ధతిది. ఒకే జవాబుని ఐదుసార్లు చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత రాసి చూసుకో. 2006లో ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత అడిగితే మూసి రాసుకున్నవాళ్లు ముందున్నారు. నీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత కాదు కదా. కాబట్టి స్లిప్ టెస్టుని తిట్టుకోకు, అది నీకు పనికొచ్చేదే. జవాబు తెలియక ఆగిన చోట గుర్తు పెట్టుకుని అదే మళ్లీ చదువు.

ల్యాబ్ మూస్తే ఇంట్లో చెయ్. తాతయ్య చదువుకునే కళ్లద్దాలున్నాయా? కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడి, అద్దాన్ని గోడకి ముందు పెట్టి మెల్లగా వెనక్కి జరుపు. బయట చెట్టు బొమ్మ గోడ మీద తలకిందులుగా, చిన్నగా పడుతుంది. స్పష్టంగా కనపడిన చోట ఆపి గోడకీ అద్దానికీ మధ్య దూరం స్కేలుతో కొలువు. 50 సెంటీమీటర్ల దగ్గర వస్తే ఆ అద్దం పవర్ ప్లస్ 2. షాపువాళ్లు రాసిచ్చిన చీటీతో సరిచూసుకో. సూర్యుడి వైపు మాత్రం పెట్టొద్దు. ఈ ఒక్కసారికే నాభ్యంతరం, కటక సామర్థ్యం, నిజ ప్రతిబింబం మూడూ నీకు వచ్చేస్తాయి, జవాబు రాస్తుంటే ఆ గోడే కనిపిస్తుంది. చేసిన వెంటనే ఉద్దేశం, కావలసిన పరికరాలు, చేసిన విధానం, జాగ్రత్తలు, బొమ్మ అన్నీ పరీక్షలో రాసినట్టే రాసి పెట్టుకో. ప్రయోగం వర్ణించమనే ప్రశ్నకి మార్కులు ఎక్కడ పోతాయో నేను పేపర్లు దిద్ది చెప్తున్నా, జాగ్రత్తల దగ్గరా, భాగాలు గుర్తించని బొమ్మల దగ్గరా.

రాత్రి పదిన్నరకి పడుకో. ఇది సలహా కాదు, నా మాటగా తీసుకో.

పదేళ్లు డల్లాస్‌లో ఉండి వచ్చే వేసవికి హైదరాబాద్ తిరిగొస్తున్నాం. పిల్లలు నాలుగు, ఆరు తరగతులు. అక్కడ అన్నీ ప్రాజెక్టులతోనే నేర్చుకున్నారు. ఏ బోర్డు, ఎలాంటి బడి చూసుకోవాలి? వాళ్లకి తెలుగు చదవడం రాదు. – ఒక జంట

బోర్డు కన్నా బడి ముఖ్యం. సీబీఎస్‌ఈ కూడా 2024-25 నుంచి 11, 12 తరగతుల పేపర్లలో సగం ప్రశ్నలు నేర్చుకున్నదాన్ని వాడి చూపించేవిగా మార్చింది, కాబట్టి ఏ బోర్డయినా మీ పిల్లల అలవాటు వృథా కాదు. బ్రోచర్లో "యాక్టివిటీ బేస్డ్" అని ప్రతి స్కూలూ వేసుకుంటుంది. మీరు అడ్మిషన్ ఆఫీసులో కూర్చోకుండా ల్యాబ్ చూపించమనండి. సింకు తడిగా ఉందా, పొడిగా ఉందా చూడండి. అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు వస్తువులు తయారుచేసి చూసేందుకు కేంద్ర ప్రభుత్వ సాయంతో పెట్టే గది) బోర్డు ఉంటే అందులో త్రీడీ ప్రింటర్ మీద కవరు కప్పి ఉందా, పిల్లలు సగం చేసి వదిలిన వస్తువులున్నాయా చూడండి. ఆరో తరగతి పిల్లాడి నోట్సు ఒకటి అడగండి. నలభై నోట్సుల్లో ఒకే జవాబు, ఒకే అక్షరం తేడా లేకుండా ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

తెలుగు గురించి భయపడకండి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు నేర్పాల్సిందే, మీరు తప్పించుకునే దారి వెతక్కండి. వేసవిలో వచ్చాక ఒక నెల అమ్మమ్మ దగ్గర వదలండి. ఆవకాయ పెట్టేటప్పుడు ఎన్ని కాయలకి ఎంత కారం, ఎంత ఉప్పు, ఎంత నూనె అని అమ్మమ్మని అడిగి పిల్లలే తెలుగులో రాయాలి, తప్పులు పోతే పోనివ్వండి. జాడీ మూత మీద కట్టే గుడ్డ ఎందుకని మాత్రం మీరు ముందే చెప్పకండి.